కాగితం కొడుకు నవల: తలుపు పక్కన నిలబడ్డ పిల్లవాడికి పని దొరికిన తీరు – ఒక ఎడిటింగ్ కేస్ స్టడీ

ఈ కేసు ఒక పిల్లల నవలది. పది నుంచి పదమూడేళ్ల వాళ్ల కోసం ఇంగ్లీషులో రాసిన చారిత్రక నవల. 1920లలో దక్షిణ చైనా నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో చేరిన ఒక కుటుంబం కథ. రచయిత్రి కాలిఫోర్నియాలో పుట్టి పెరిగిన చైనా సంతతి మనిషి, ఆ ఇంట్లో మూడో తరం. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. నవల పేరు, పాత్రల పేర్లు, ఊళ్ల పేర్లు చెప్పడం లేదు. కుటుంబాన్ని పట్టిచ్చే వివరాలు కొన్ని మార్చాను. చట్టాలు, తేదీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను.

తెలుగు పాఠకుల ముందు పెట్టడానికి కారణం ఉంది. విదేశాల్లో ఉంటున్న మనవాళ్లు తమ పిల్లల కోసం వలస కథలు రాస్తున్నారు. వాటిలో తరచూ ఎదురయ్యే చిక్కు ఈ రాతప్రతిలో చాలా స్పష్టంగా కనబడింది. కష్టాలు పెద్దవాళ్లవి, ఆశలూ పెద్దవాళ్లవే. పిల్లవాడేమో తలుపు పక్కన నిలబడి వింటూ ఉంటాడు.

నేపథ్యం

ముందు చరిత్ర కొంచెం తెలియాలి. లేకపోతే ఎడిటింగ్ నిర్ణయాలు అర్థం కావు.

1882లో అమెరికా చైనా కార్మికుల రాకను చట్టం చేసి ఆపేసింది. మొదట పదేళ్లకన్నారు. 1892లో పొడిగించారు, 1904లో గడువే లేకుండా చేశారు. వ్యాపారులకు, విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, దౌత్యవేత్తలకు మినహాయింపు ఉండేది. అమెరికాలో పుట్టినవాళ్లు పౌరులేనని 1898లో వాంగ్ కిమ్ ఆర్క్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. పౌరుడి పిల్లలు చైనాలో పుట్టినా లోపలికి రావచ్చు. 1906 ఏప్రిల్ 18న భూకంపం వచ్చి, వెంట మంటలు లేచి, శాన్‌ఫ్రాన్సిస్కోలో జనన రికార్డులు కాలిపోయాయి. ఆ తర్వాత చాలామంది "నేనిక్కడే పుట్టాను" అన్నారు. కాదని చూపించే కాగితం ఎవరి దగ్గరా లేదు. అలా పౌరులైనవాళ్లు చైనా వెళ్లొచ్చినప్పుడల్లా "నాకు కొడుకు పుట్టాడు" అని నమోదు చేయించేవారు. పుట్టని కొడుకు పేరుతో ఒక ఖాళీ తయారయ్యేది. ఆ ఖాళీని ఇంకొకరి పిల్లవాడికి అమ్మేవారు. ధర సుమారుగా వయసు ఏడాదికి వంద డాలర్లు. అలా వచ్చినవాళ్లే కాగితం కొడుకులు.

అమెరికా ప్రభుత్వానికీ ఈ సంగతి తెలుసు. అందుకే 1910 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలోని ఏంజెల్ దీవిలో ఇమ్మిగ్రేషన్ స్టేషన్ తెరిచి, వచ్చినవాళ్లను అక్కడే ఉంచి విచారించేవారు. కొందరు కొద్దిరోజుల్లో బయటపడేవారు, కొందరికి నెలలు పట్టేది. మీ ఇల్లు ఏ దిక్కుకు ఉంది? గుమ్మానికి ఎన్ని మెట్లు? బియ్యం డబ్బా ఎక్కడ పెడతారు? మీ వరసలో మూడో ఇంట్లో ఎవరుంటారు? మీ నాయనమ్మవి చిన్నప్పుడే గుడ్డతో బిగించి కట్టిన పాదాలా, మామూలు పాదాలా? ఇలాంటి ప్రశ్నలు పదుల్లో, ఒక్కోసారి వందల్లో ఉండేవి. అవే ప్రశ్నలు తండ్రినని చెప్పుకున్న మనిషిని విడిగా అడిగి, రెండు వాంగ్మూలాలూ పక్కపక్కన పెట్టి చూసేవారు. తేడా వస్తే తిప్పి పంపేస్తారు. కాబట్టి పిల్లలు ముందే జవాబుల పుస్తకం బట్టీపట్టి, ఓడ రేవుకు చేరకముందే దాన్ని సముద్రంలో పడేసేవారు.

నవల కథ ఇది. తండ్రి శాన్‌ఫ్రాన్సిస్కోలో లాండ్రీ పనివాడు. చట్టం లెక్కలో కార్మికుడు కాబట్టి భార్యాపిల్లలను తెచ్చుకునే హక్కు లేదు. చైనాటౌన్‌లో పౌరుడిగా చెలామణి అవుతున్న ఒక దుకాణదారు దగ్గర పన్నెండేళ్ల కొడుకు కాగితం కొంటాడు. పిల్లవాడి అసలు వయసు పదకొండు. 1923 వసంతంలో వాడు ఒంటరిగా ఓడెక్కుతాడు. వేరే మనిషిని నాన్న అనాలి. వేరే ఊరిని తన ఊరనాలి. రేవులో కన్నతండ్రి కనబడినా పలకరించకూడదు. తల్లీ, తమ్ముడూ తొయిసాన్ జిల్లాలోని పల్లెలో ఉండిపోయారు.

ఇంత బలమైన కథ దొరకడం అరుదు. అయినా రాతప్రతి కదలడం లేదు.

రాతప్రతి ఎలా ఉంది

71,000 పదాలు, 24 అధ్యాయాలు. ఈ వయసు పాఠకుల నవల సాధారణంగా 35,000 నుంచి 55,000 పదాల మధ్య ఉంటుంది. పొడవు ఒక్కటే సమస్య అయితే కోసేస్తే సరిపోయేది. పొడవు ఎక్కడుందో చూస్తే అసలు జబ్బు తెలిసింది. మొదటి మూడు అధ్యాయాల్లో తాతయ్య చరిత్ర చెబుతూ ఉంటాడు. 1850ల బంగారు గనులు, 1869లో పూర్తయిన రైల్వే, 1882 చట్టం వరసగా వస్తాయి. పిల్లవాడు "తర్వాతేమైంది తాతా" అంటూ ఉంటాడు. ఓడెక్కేది ఐదో అధ్యాయంలో. దీవికి చేరేది తొమ్మిదిలో. విచారణ మొత్తం మూడున్నర పేజీలు.

రచయిత్రి శాన్ బ్రూనోలోని జాతీయ ఆర్కైవ్స్‌లో తన కుటుంబం ఫైలు చదివారు. ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు అంటూ టైపు చేసిన ఆ కాగితాలు చూసి చలించిపోయారు. ఆ చలనం ఆమె ఉత్తరాల్లో ఉంది, నవలలో లేదు. ఫైలులో ఉన్నదాన్ని ఆమె ఒక పెద్దమనిషి కళ్లతో చదివారు. అన్యాయం జరిగింది, ఆ సంగతి పిల్లలకు తెలియాలి అన్న తపనతో రాశారు. తపన సరైనదే. కానీ పదకొండేళ్లవాడికి అన్యాయం అంటే మెట్ల సంఖ్య మర్చిపోతానేమో అనే భయం. ఆ భయం పుస్తకంలో రావాలి.

ఒక లైబ్రరీ పఠన బృందంలో ఐదారుగురు పిల్లలకు మొదటి ఆరు అధ్యాయాలు ఇప్పించాం. వాళ్లను "బాగుందా" అని అడగవద్దని చెప్పాం, ఎందుకంటే పిల్లలు మర్యాదకు బాగుందంటారు. చదవడం ఆపినచోట గీత గీయమన్నాం, అంతే. గీతలన్నీ రెండు, మూడు అధ్యాయాల్లోనే పడ్డాయి. ఒక పాప మాత్రం ఆరో అధ్యాయం దాకా వెళ్లి, జవాబుల పుస్తకం ప్రస్తావన వచ్చినచోట మార్జిన్‌లో "ఇందులో ఏముంది?" అని రాసింది. ఈ కేసంతటిలో నాకు బాగా పనికొచ్చిన వాక్యం అదే. రాతప్రతిలో ఆ పుస్తకం ఒక వస్తువుగా ఉంది తప్ప లోపలేముందో ఎక్కడా లేదు.

నిలబడని రెండు మార్గాలు

మొదటిది, చరిత్రను కథలోంచి తీసి పక్కన పెట్టడం. తాతయ్య అధ్యాయాలు కోసి, రెండు పేజీల తొలిపలుకు పెట్టి, మిగతావి పేజీ కింద వివరణలుగా వేశాం. పదాలు తగ్గాయి. చదవడం సులువు కాలేదు. తొలిపలుకును పిల్లలు దాటేశారు. దాటేసినవాళ్లకు కన్నతండ్రిని "మామా" అని ఎందుకు పిలవాలో అర్థం కాలేదు. చదివినవాళ్లకు కథ మొదలవకముందే అలసట వచ్చింది. చట్టం పిల్లవాడి జీవితాన్ని నడుపుతున్నప్పుడు దాన్ని పేజీ అడుగుకు నెట్టితే కథకు కారణమే లేకుండా పోతుంది.

రెండోది సాహసం కలపడం. ఇది రచయిత్రికి ఒక సాహిత్య ఏజెంటు ఇచ్చిన సలహా. ఒక క్రూరమైన ఇన్‌స్పెక్టరు, దీవి నుంచి రాత్రి తప్పించుకునే పథకం. వేగం నిజంగానే పెరిగింది. కానీ రెండు నష్టాలు వచ్చాయి. పిల్లవాడు తప్పించుకుంటే వాడికి కాగితాలు ఉండవు. కాగితాలు లేకుండా బతకడం ఎంత ప్రమాదమో చూపడానికే కదా ఈ నవల. ఇక ఇన్‌స్పెక్టరు దుర్మార్గుడైతే వాడికి అబద్ధం చెప్పడం తేలికైపోతుంది. అసలు బరువు వేరేచోట ఉంది. ఎదురుగా కూర్చున్న మనిషి మామూలు మనిషి, తన ఉద్యోగం తాను చేస్తున్నాడు. పిల్లవాడికి ఇంట్లో అబద్ధమాడకూడదని నేర్పారు. ఇప్పుడు అదే ఇల్లు నిలబడాలంటే అబద్ధం తప్పుల్లేకుండా అప్పజెప్పాలి. ఈ ముడి విప్పే హక్కు మనకు లేదు. పిల్లల్ని ఆ ముడి దాకా తీసుకెళ్లడమే పని. తప్పించుకునే భాగం మొత్తం తీసేశాం.

రెండు మార్గాలూ పోయాక తేలింది ఒకటే. చరిత్రా, వేగమూ రెండూ పిల్లవాడి చేతిలో ఉన్న పని నుంచే రావాలి. వాడికి పని ఉంది. బట్టీపట్టాలి. ఇంతవరకూ ఆ పనిని మనం రాయలేదు.

పట్టిక

ప్రతి అధ్యాయానికీ మూడు గడులతో పట్టిక వేశాం. వాడికి తెలిసింది ఏమిటి, వాడు చెప్పాల్సింది ఏమిటి, దాచాల్సింది ఏమిటి. రచయిత్రి స్వయంగా నింపారు. 24 అధ్యాయాల్లో పదకొండింటికి రెండో గడి, మూడో గడి ఖాళీగా ఉన్నాయి. ఖాళీ ఉన్న అధ్యాయాలు దాదాపుగా పిల్లలు గీత గీసిన రకానివే. వాటిలో పెద్దవాళ్లు మాట్లాడతారు, వాడు వింటాడు. ఏ అధ్యాయం ఉండాలో ఏది పోవాలో అభిరుచి మీద వాదించుకునే అవసరం తప్పింది. మూడు గడులూ నిండని అధ్యాయాన్ని పక్క అధ్యాయంలో కలపాలి, లేదా తీసేయాలి. ఏడు పోయాయి, నాలుగు కలిశాయి.

తర్వాత ఆరంభం మార్చాం. ఇప్పుడు నవల ఓడ మీద మొదలవుతుంది. మూడు, నాలుగు వారాల ప్రయాణంలో సగం అయిపోయింది. వాడి దగ్గర జవాబుల పుస్తకం ఉంది. రేవు రాకముందు పడేయాలి. మొదటి వాక్యానికే గడువు ఉంది, పని ఉంది, రహస్యం ఉంది. పల్లె, తల్లి, తమ్ముడు అన్నీ బట్టీపట్టే క్రమంలోనే వస్తాయి. పుస్తకంలో "బావి ఇంటికి తూర్పున" అని ఉంటే వాడికి తమ ఇంటి బావి పడమరన ఉండటం గుర్తొస్తుంది. కాగితం ఊరిని నేర్చుకుంటూ ఉంటే సొంత ఊరు తనంతట తానే కథలోకి వస్తుంది. తాతయ్య ఉపన్యాసం అక్కర్లేకపోయింది.

ఇక్కడే ఈ కేసులో నాకు అన్నిటికన్నా విలువైన నిర్ణయం జరిగింది. విచారణలో పిల్లవాడితోపాటు పాఠకుడూ పరీక్ష రాయాలి. అందుకు తొమ్మిది వివరాలు ఎంచుకున్నాం: మెట్లు, బావి, బియ్యం డబ్బా, కుక్క, నాయనమ్మ పాదాలు, వరసలో ఇళ్లు, పక్కింటి వ్యక్తి, కిటికీ, బడి ఉన్న చోటు. ఒక్కో వివరం మూడుసార్లు వస్తుంది. మొదటిసారి ఓడలో, పుస్తకంలో చదివినట్టుగా. రెండోసారి నిర్బంధ గృహంలో, వాడు తనలో తాను వల్లెవేసేటప్పుడు. మూడోసారి విచారణ గదిలో ప్రశ్నగా. రెండోసారి కొన్ని కావాలనే తప్పుగా గుర్తుచేసుకుంటాడు. ఆ పొరపాటు చెప్పకుండా వదిలేశాం. శ్రద్ధగా చదివిన పిల్లకు ఒళ్లు జల్లుమంటుంది, వెనక్కి పేజీలు తిప్పుతుంది.

సంఖ్య గురించి జాగ్రత్త. మొదట ఇరవైకి పైగా వివరాలు పెట్టారు రచయిత్రి, నిజమైన ఫైలులో అంతకన్నా ఎక్కువ ఉన్నాయి కాబట్టి. పఠన బృందంలో పిల్లలు గుర్తుపెట్టుకోవడం మానేసి ఊరికే చదువుకుంటూ పోయారు. తొమ్మిదికి తగ్గించాక జవాబులు పైకి చెప్పడం మొదలుపెట్టారు. ఆ తొమ్మిదీ ఒకదానితో ఒకటి పోలిక లేనివి కావాలి. రెండు అంకెలు పక్కపక్కన వస్తే, మెట్లు మూడు, ఇళ్లు ఐదు అన్నట్టు, పిల్లలు కలగలిపేస్తారు. అది వాళ్ల తప్పు కాదు, మన అమరిక తప్పు.

విచారణ ఇప్పుడు మూడు అధ్యాయాలు. రూపం ఆర్కైవ్ కాగితాల్లో ఉన్నదే: ప్రశ్న, జవాబు. మధ్యలో వర్ణన లేదు. ఇన్‌స్పెక్టర్లు, టైపు చేసే మనిషి, దుబాసీ గదిలో ఉన్నారని ఒకసారి చెప్పి వదిలేశాం. వాడి గుండె దడ, చెమట గురించి ఉన్న వాక్యాలన్నీ పోయాయి. జవాబుకు ముందు ఎంతసేపు ఆగాడో చూపడానికి ఖాళీ వరస ఒకటి వదిలాం. రచయిత్రి ఈ కోతను చాలా కష్టంగా ఒప్పుకున్నారు. బృందంలో ఈ పేజీలు పైకి చదివించాక ఆమే ఇంకో రెండు వర్ణనలు తీసేశారు.

సరిచూసిన సంగతులు

చారిత్రక నవలలో తేదీ తప్పితే కథ కూడా తప్పుతుంది. కొన్ని తప్పులు దిద్దితే చాలు. కొన్ని దిద్దబోతే నవలనే కదిలిస్తాయి.

దిద్దితే పోయినవి ముందు. జిల్లా పేరు తొయిసాన్‌గా మారింది 1914లో. అంతకుముందు సన్నింగ్. 1923లో పిల్లవాడు కొత్త పేరు అనొచ్చు, ముసలివాళ్లు పాత పేరు అంటే సహజంగా ఉంటుంది. రాతప్రతిలో చైనీస్ పేర్లన్నీ నేటి మాండరిన్ స్పెల్లింగులో ఉన్నాయి. ఆ పద్ధతి వచ్చింది 1958లో, పైగా ఈ కుటుంబం మాట్లాడేది మాండరిన్ కాదు, తొయిసాన్ యాస. వయసు లెక్క ఇంకోటి. అక్కడ పుట్టగానే ఒకటి, ప్రతి చాంద్రమాన కొత్త సంవత్సరానికి ఇంకొకటి కలుస్తుంది. కాగితం వయసు, అసలు వయసు, చైనా లెక్క వయసు అని మూడు అంకెలు వాడి తలలో ఉండాలి. దీన్ని దిద్దుబాటుగా మొదలుపెట్టి, చివరికి విచారణలో ఒక ప్రశ్నగా వాడుకున్నాం.

లాండ్రీ దృశ్యాల్లో పదకొండేళ్లవాడు రోజంతా ఇస్త్రీ చేస్తుంటాడు. ఆ ఇస్త్రీపెట్టె ఎనిమిది పౌండ్లు, అంటే మూడున్నర కిలోల పైమాట, పొయ్యి మీద వేడిచేసేది. ఆ వయసువాడు దాన్ని పొద్దుటి నుంచి రాత్రిదాకా మోయడం నమ్మశక్యం కాదు. వాడికి వేరే పనులిచ్చాం: బట్టల మీద సిరాతో గుర్తులు వేయడం, గంజి కలపడం, గోధుమరంగు కాగితంలో చుట్టి దారం కట్టడం, చీటీలు సరిచూడటం, మూటలు ఇళ్లకు చేర్చడం. చివరి అధ్యాయాల్లో చేతిరుమాళ్లు ఇస్త్రీ చేస్తాడు. పనులు వాడి వయసుకు సరిపోయాక ఆ పేజీల్లో జాలి తగ్గి చాకచక్యం కనబడింది. కష్టజీవుల పిల్లల గురించి రాసేటప్పుడు ఇది ముఖ్యం. ఆ పిల్లలకు పని వచ్చు, పనిలో గర్వమూ ఉంటుంది.

బడి విషయం కొంచెం లోతుది. రాతప్రతిలో వాడికి బడిలో పక్క బెంచీ మీద ఒక తెల్లపిల్ల స్నేహితురాలు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా పిల్లలకు 1885 నుంచీ వేరే బడి. తమ కూతుర్ని మామూలు బడిలో చేర్చుకోవాలని టేప్ అనే చైనా కుటుంబం కోర్టుకెళ్లి గెలిచినా జిల్లా బోర్డు వేరే బడి పెట్టి పంపింది. 1923 నాటికి దాని పేరు ఓరియెంటల్ పబ్లిక్ స్కూల్. ఆ పక్క బెంచీ అక్కడ ఉండే అవకాశం లేదు. స్నేహం తీసేస్తే నవల బీదపోతుంది. అందుకని మూటలు చేర్చే దారిలోకి మార్చాం. పెరటి గుమ్మం దగ్గర, చీటీ ఇచ్చి డబ్బులు తీసుకునే రెండు నిమిషాల్లో ఆ స్నేహం నడుస్తుంది. ఆ పిల్ల ఒకరోజు మామూలుగా అడుగుతుంది: "మీ నాన్న పేరేంటి?" పట్టికలో మూడు గడులూ నిండిన అధ్యాయం అది.

ముగింపు కూలినప్పుడు

రాతప్రతి చివర 1926లో తల్లి వస్తుంది. దుకాణదారు భార్యగా కాగితం మీద వస్తుంది, రేవులో పిల్లవాడు ఎదురు చూస్తుంటాడు. రచయిత్రి ఈ దృశ్యం కోసమే నవల రాశానన్నారు.

అది జరగదు. కార్మికుడి భార్యను కార్మికురాలిగానే చూడాలని 1884లోనే కోర్టులు తేల్చాయి కాబట్టి కన్నతండ్రి పేరు మీద తల్లి వచ్చే వీలు ఎప్పుడూ లేదు. పౌరుడి భార్యగా వచ్చే దారిని 1924 మే 26న సంతకమై జులై 1 నుంచి అమలైన వలస చట్టం మూసేసింది. 1925లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. వ్యాపారుల భార్యలకు మాత్రం వీలు మిగిలింది. 1924 మే 26 లోపు పెళ్లయిన పౌరుల భార్యలకు తలుపు మళ్లీ తెరుచుకున్నది 1930లో.

మూడు దారులు చర్చించాం. కథను నాలుగేళ్లు వెనక్కి జరిపితే చట్టం అడ్డు రాదు. కానీ అప్పుడు తల్లి చివర్లో ఒక బహుమతిలా దిగుతుంది, పిల్లవాడు రేవులో నిలబడి చూస్తాడు. మొదటి అధ్యాయాల్లో తీసేసిన జబ్బు చివర్లో తిరిగొస్తుంది. దుకాణదారుకు చట్టపరంగా వ్యాపారి హోదా ఇస్తే 1926లోనూ తల్లి రావచ్చు. అయితే ఆమె కాగితం మీద వేరే మనిషి భార్యగా బతకాలి. ఆ విషయం మోయడానికి వేరే నవల, వేరే వయసు పాఠకులు కావాలి. మూడోది, తల్లి రాకుండా ముగించడం. రచయిత్రి అది వినగానే, ఆశ లేకుండా పిల్లల పుస్తకం ఎలా ముగిస్తామని అడిగారు. న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు బాకీ పద్దులో దొరికింది.

పన్నెండేళ్ల కాగితానికి 1,200 డాలర్లు. నెలకు 15 చొప్పున, వడ్డీ లేకుండా లెక్కేసినా 80 నెలలు. రాతప్రతిలో ఈ లెక్క తండ్రి నోట ఒకసారి వచ్చి పోతుంది. మేము దాన్ని పద్దు పుస్తకంగా మార్చి పిల్లవాడి చేతికిచ్చాం, ఎందుకంటే తండ్రికి అంకెలు రావు, వీడికి వస్తాయి. ఆరేళ్ల ఎనిమిది నెలలకు తనకు పద్దెనిమిదేళ్లు దగ్గర పడతాయని వాడే లెక్కేస్తాడు. అధ్యాయం చివర నెలవాయిదా ఒక వరసగా అచ్చవుతుంది. ఇక 1924 చట్టం వార్త వస్తుంది. చైనాటౌన్‌లో అప్పుడు చదివే పత్రిక చుంగ్ సాయ్ యాట్ పో. దాన్ని లాండ్రీలో ఒకరు పైకి చదువుతారు. అమ్మ రాలేదు. కానీ ఆ చట్టంలో పౌరుడి కొడుకు రావడానికి అడ్డం లేదు. దుకాణదారు నమోదు చేయించిన రెండో కొడుకు ఖాళీ ఉంది, వయసు ఎనిమిది, 800 డాలర్లు. పద్దెనిమిదో వాయిదా కట్టాక పద్దులో 930 మిగిలి ఉంటుంది. తమ్ముడి కాగితం కలిపితే 1,730.

తండ్రి వద్దంటాడు. కొడుకు అంకెలు చూపిస్తాడు. ఆ వయసు ఖాళీ ఇంకొకరు కొనుక్కుంటే మళ్లీ దొరకదు. చివరి అధ్యాయంలో వాడు తమ్ముడి కోసం జవాబుల పుస్తకం రాస్తాడు. దీవిలో నిజంగా ఏమడిగారో ఈ ఇంట్లో వాడికొక్కడికే తెలుసు. అంతేకాదు, వాడు చెప్పిన జవాబులే ఇప్పుడు ఫైలులో ఉన్నాయి. తమ్ముడి జవాబులు వాటితో సరిపోవాలి. తొమ్మిది వివరాలూ నాలుగోసారి, ఈసారి వాడి చేతిరాతలో వస్తాయి. ఎక్కడ తడబడ్డాడో ఆ చోట గీత కింద "ఇక్కడ తొందరపడకు" అని రాస్తాడు. రచయిత్రి ఈ అధ్యాయాన్ని దాదాపు ఒక్క ఊపులో రాసి పంపారు. నేను దానిలో మార్చింది చాలా తక్కువ. ఆశ గురించి ఒక్క వాక్యం లేదు అందులో. పదమూడేళ్లవాడు చేయగలిగిన పని ఉంది.

పఠన బృందంలో పూర్తి ప్రతి చదివిన పిల్లలు ఇద్దరు "అమ్మ వస్తుందా" అని అడిగారు. ఎవరూ పుస్తకం మధ్యలో ఆపలేదు. చివరి ప్రతి 48,000 పదాలు, పందొమ్మిది అధ్యాయాలు. కోతల తర్వాత పదమూడు మిగిలితే, విచారణకూ దీవికీ ముగింపుకూ కొత్తగా రాసినవి ఆరు.

ఇలాంటి రాతప్రతి చేతికొస్తే

చట్టం కథలోకి ఒక తేదీగా, ఒక రుసుముగా, ఒక ఫారంగా రావాలి. పిల్లకు అందే రూపాలు అవే. మనవాళ్ల కథలకూ ఇదే చెబుతాను. 1917 చట్టం భారతీయుల వలసనూ ఆపింది, 1923లో భగత్ సింగ్ థింద్ కేసు భారతీయులకు పౌరసత్వం లేదంది, 1946లో ఏడాదికి వందమంది కోటా ఇచ్చారు, 1965 చట్టం తర్వాతే తెలుగు డాక్టర్లు, ఇంజినీర్లు పెద్ద సంఖ్యలో వెళ్లగలిగారు. ఇదంతా ఒక పేరాలో నాన్నగారి నోట చెప్పించాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఇవాళ న్యూజెర్సీలోనో టెక్సస్‌లోనో పెరుగుతున్న పిల్లకు చట్టం తగిలేది వేరే చోట. తల్లిదండ్రుల వర్క్ వీసా మీద ఆధారపడి ఉన్న ఆ పిల్లకు ఇరవై ఒకటో పుట్టినరోజున ఆ హోదా పోతుంది. కేకు మీద కొవ్వొత్తులు లెక్కపెట్టే పిల్ల ఆ లెక్క కూడా వేసుకుంటూ ఉంటుంది. కథ అక్కడ మొదలుపెట్టండి.

కుటుంబం ఫైలు ఆధారంగా రాసేవాళ్లకు ఒక హెచ్చరిక. కాగితం పేర్లతో బతికిన కుటుంబాలు ఇప్పటికీ అవే ఇంటిపేర్లతో ఉన్నాయి. 1956లో ప్రభుత్వం నిజం ఒప్పుకోమని పథకం పెట్టినప్పుడు ఒకరు ఒప్పుకుంటే బంధువులందరి కాగితాలూ బయటపడేవి, అందుకే చాలామంది నోరు విప్పలేదు. రచయిత్రి తాతగారి ఫైలులోని ఇల్లు, వరస, పొరుగువాళ్లు యథాతథంగా నవలలో ఉన్నాయి. అవి మార్చమన్నాం. ఒకే ఫైలు నుంచి వరసగా రెండు వివరాలు తీసుకోకూడదని నియమం పెట్టుకున్నాం. ప్రశ్నల తీరు చాలా ఫైళ్లలో ఒకేలా ఉంటుంది కాబట్టి నిజం ఏమీ తగ్గలేదు.

దీవి గోడల మీద చెక్కిన కవితలు ఉన్నాయి, రెండువందలకు పైగా నమోదయ్యాయి. రాతప్రతిలో రచయిత్రి సొంతంగా ఒక కవిత రాసి గోడమీద పెట్టారు. తీయించాను. నిర్బంధంలో ఉన్నవాళ్లు చెక్కినవాటి పక్కన మనం కల్పించినది పెడితే, పిల్లలు రెండింటినీ ఒకటే అనుకుంటారు. ఇప్పుడు ఒక పెద్దాయన గోడమీద వేలు పెట్టి చదువుతాడు, పిల్లవాడికి సగం అక్షరాలే తెలుసు, తెలిసినవాటిని మాత్రం తనలో తాను అనుకుంటాడు.

చివర రచయిత్రి మాట రెండు పేజీలు. మొదట ఆరు పేజీలుండేది. మిగిల్చిన తేదీలు ఆరు: 1882, 1906, 1910, 1924, 1940, 1943. 1940 ఆగస్టులో మంటల్లో దీవిలోని కార్యాలయ భవనం కాలి, ఆ ఏడాది చివరికి స్టేషన్ మూతపడింది. 1943 డిసెంబరులో నిషేధ చట్టం రద్దయింది, కోటా ఏడాదికి 105 మంది. "అమ్మ వస్తుందా" అని అడిగిన పిల్లల కోసం ఒక పేరా కలిపాం: తండ్రికి పౌరసత్వం అడిగే హక్కు 1943లోగానీ రాలేదని, పౌరుల భార్యలకు కోటాతో సంబంధం లేకుండా 1946లో దారి దొరికిందని, అప్పటికి పిల్లవాడికి ముప్పై నాలుగేళ్లని. తల్లి వచ్చిందో లేదో ఆ పేరా చెప్పదు. చెప్పాలా వద్దా అని రచయిత్రీ నేనూ చాలా ఉత్తరాలు రాసుకున్నాం. వద్దని నిర్ణయించింది ఆమె.